పాపకి పట్టులంగా, బాబుకి పంచె: పండగ బట్టలు ఎంచుకోవడం, కొలవడం, కుట్టించడం

పండగ దగ్గరపడితే పిల్లల బట్టల గురించి అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. అయిదేళ్ళ పాప లంగాకి గుడ్డ ఎంత కావాలి? అమ్మమ్మ చీర కోసి కుట్టించవచ్చా? ఇంత డబ్బు పెట్టి కుట్టిస్తే వచ్చే ఏడాదికి పొట్టి అయిపోతుంది కదా, దానికి ఏం చెయ్యాలి? ఫొటోలు తీయగానే పాప ఎందుకు విప్పేయమని ఏడుస్తుంది?

చివరి ప్రశ్న నుంచే మొదలుపెట్టండి. పెద్దవాళ్ళం అంచు చూసి, రంగు చూసి కొంటాం. పిల్లలకి తెలిసేది ఒంటికి తగిలే లోపలి వైపే. అందుకని పిల్లల బట్టని ముందు తిరగేసి చూసి, తర్వాతే పై నుంచి చూడండి. కింద చెప్పినవన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి. ఎక్కువగా పట్టులంగా గురించే ఉంటుంది, తప్పులు జరిగేది అక్కడే కాబట్టి. పంచె, లాల్చీల గురించి చివర్లో చెప్పాం.

దగ్గర ఉంచుకోవలసినవి

- కొలత టేపు, పెన్ను, కాగితం
- పాపకి ఇప్పుడు సరిగ్గా సరిపోతున్న ఒక గౌను లేదా జాకెట్టు (టైలరుకి ఆదిగా ఇవ్వడానికి)
- తడిపి పిండిన తెల్ల నూలు గుడ్డ ముక్క (రంగు పరీక్షకి)
- లైనింగుకి పల్చటి నూలు గుడ్డ, లంగా గుడ్డ ఎంత పొడవుంటే అంత. బాడీకి (లంగాకి కలిపి కుట్టే చేతుల్లేని పైభాగం), జాకెట్టు లోపలికి ఇంకో ముప్పావు మీటరు
- ప్రెస్ బటన్లు, హుక్కులు, ఒక అంగుళం వెడల్పు ఎలాస్టిక్
- కనీసం మూడు వారాల సమయం. సంక్రాంతికీ దసరాకీ ముందు వారంలో ఇస్తే టైలరు తొందరలో, పిల్ల పెరిగాక విప్పి పొడవు పెంచుకునే లోపలి మడతలు వెయ్యకుండానే కుట్టేస్తారు.

1. ముందు పిల్లని కొలవండి, తర్వాతే కొట్టుకి వెళ్ళండి

పాపని చెప్పులు లేకుండా, గోడకి ఆనకుండా నిలబెట్టండి. పొట్ట లోపలికి లాక్కోనివ్వకండి.

లంగా పొడవు: బొడ్డు దగ్గర నుంచి చీలమండ ఎముక దాకా కొలిచి, అందులోంచి ఒక అంగుళం తగ్గించండి. పాదం మీద పడే లంగా ఫొటోలో బాగుంటుంది కానీ మెట్లెక్కేటప్పుడు కాలి కింద పడుతుంది. బతుకమ్మ చుట్టూ తిరిగే పిల్లకైతే ఒకటిన్నర అంగుళం తగ్గించినా తప్పులేదు.

నడుము: భోజనం చేశాక కొలవండి. పొద్దున్నే పరగడుపున తీసిన కొలత పండగ భోజనం తర్వాత బిగుతవుతుంది.

ఛాతీ, భుజం, చెయ్యి చుట్టుకొలత, జాకెట్టు పొడవు కూడా రాసుకోండి.

మీరు తీసిన లంగా కొలత సరిగ్గా ఉందో లేదో సరిచూసుకోవడానికి ఈ అంకెలు పనికొస్తాయి. సుమారుగా 2 ఏళ్ళకి 17–19 అంగుళాలు, 4 ఏళ్ళకి 21–23, 6 ఏళ్ళకి 25–27, 8 ఏళ్ళకి 29–31, 10 ఏళ్ళకి 32–34 ఉంటుంది. మీ కొలత రెండు మూడు అంగుళాలు అటూ ఇటూ అయితే కంగారు లేదు, పిల్లలందరూ ఒకే ఎత్తు ఉండరు. అయిదారు అంగుళాలు తేడా వస్తే మాత్రం మళ్ళీ కొలవండి.

రెడీమేడ్ కొనేవాళ్ళు వయసు చెప్పి అడగకండి, అంగుళాలు చెప్పండి. "నాలుగేళ్ళ సైజు" ఒక్కో కొట్టులో ఒక్కోలా ఉంటుంది. విదేశాల నుంచి ఆర్డరు పెట్టేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం, వెనక్కి పంపడం తేలిక కాదు కాబట్టి. అక్కడ చాలా దేశాల్లో సంక్రాంతి చలిలో వస్తుంది. జాకెట్టు లోపల పల్చటి నిండు చేతుల నూలు బనియను వేసే ఆలోచన ఉంటే ఛాతీకి, చేతులకి అర అంగుళం చొప్పున కలిపి చెప్పండి.

2. గుడ్డని తిరగేసి చూసి ఎంచుకోండి

కొట్టులో గుడ్డని తిప్పి, వెనక వైపుని మీ మెడ మీద రుద్దుకోండి. మీకు గుచ్చుకుంటే పిల్లకి ఇంకా గుచ్చుకుంటుంది. వెనక పొడుగు పొడుగు జరీ పోగులు వదులుగా ఉంటే అవి గోళ్ళకీ కాలి పట్టీలకీ తగులుకుంటాయి. ఒక పోగు లాగితే ముందువైపు పువ్వు ముడుచుకుపోతుంది. అలాంటి గుడ్డ అంత నచ్చితే మొత్తానికీ లైనింగు వెయ్యక తప్పదు.

మన దగ్గర దొరికేవాటిలో పిల్లలకి ఏది ఎలా ఉంటుందంటే:

గద్వాలలో ఒళ్ళు నూలు, అంచు పట్టుజరీ ఉన్న రకం అడగండి. చెమట పీలుస్తుంది, అంచు నిండుగా కనిపిస్తుంది. పిల్లల లంగాకి ఇంతకన్నా మంచి గుడ్డ లేదని మా అభిప్రాయం. పూర్తి పట్టు గద్వాల కూడా ఉంటుంది కాబట్టి ఏది కావాలో స్పష్టంగా చెప్పండి. మంగళగిరి నూలు కూడా ఇంచుమించు ఇలాంటిదే. జరీ అంచు ఉంటుంది, ధర తక్కువ, ఉగాది ఎండకి సరిగ్గా సరిపోతుంది. నారాయణపేట గళ్ళ చీరలు తేలిక. పోచంపల్లి ఇక్కత్‌లో పోగుకే రంగు అద్ది నేస్తారు కాబట్టి డిజైను రెండు వైపులా ఒకేలా ఉంటుంది, వెనక గుచ్చుకునేదేమీ ఉండదు. ఉప్పాడ పల్చన, మెత్తన. బరువు లేదు కానీ లాగితే పోగులు జరుగుతాయి కాబట్టి కుట్టు దగ్గర ఎక్కువ గుడ్డ వదిలించాలి. ధర్మవరం, కంచి పట్టు అందంగానే ఉంటాయి, కానీ బరువు. అయిదేళ్ళ లోపు పిల్లకి పూట మొత్తం వేసి ఉంచలేరు. పేరంటానికో ఓణీల ఫంక్షనుకో పెద్దపిల్లలకి తీసుకోండి.

పట్టు అని చెప్పి పాలిస్టరు అంటగట్టడం పిల్లల సెట్లలో చాలా ఎక్కువ. పట్టే కావాలనుకుంటే కేంద్ర పట్టు మండలి వారి సిల్క్ మార్క్ లేబులు అడగండి. ఇంట్లో అయితే అంచు నుంచి నాలుగు పోగులు లాగి, పళ్ళెంలో పెట్టి పెద్దవాళ్ళు కాల్చి చూడండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. పాలిస్టరయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. నిలువు పోగులు ఒకటి, పేక (అడ్డ) పోగులు ఇంకొకటి ఉండవచ్చు కాబట్టి రెండు వైపుల పోగులూ కాల్చి చూడాలి.

రంగు పరీక్ష: తడి తెల్ల గుడ్డతో లోపలివైపు ఓ మూల పదిసార్లు రుద్దండి. ఎరుపు, ముదురాకుపచ్చ, నీలం రంగులకి ఇది తప్పనిసరి. తెల్ల గుడ్డకి రంగు అంటితే, చెమట పట్టినప్పుడు పాప ఒంటికీ అంటుతుంది.

హెచ్చరిక ఒకటి. భోగిమంట దగ్గరికీ దీపావళి మందుగుండు దగ్గరికీ పట్టులంగా, నెట్టు గౌను, వేలాడే కండువా, ఓణీ ఏవీ వద్దు. పాలిస్టరు, నైలాను నెట్టు అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుపోతాయి. పూజ అయ్యాక బట్టలు మార్చి, ఒంటికి దగ్గరగా ఉండే నూలు బట్టలు వేసి అప్పుడు బయటికి పంపండి. ఇందులో మినహాయింపు లేదు.

3. గుడ్డ ఎంత కావాలో లెక్క వేయండి

లంగాలో అంచు కింద చుట్టూ వస్తుంది. అంటే గుడ్డ పన్నా (వెడల్పు) లంగా పొడవు అవుతుంది, గుడ్డ పొడవు లంగా ఘేరు (కింది చుట్టుకొలత) అవుతుంది. ఇది తిరగేసి అర్థం చేసుకుని మీటరున్నర తెచ్చి ఇబ్బంది పడేవాళ్ళు చాలామంది.

ఘేరు: బరువైన పట్టుకి నడుముకి మూడింతలు, పల్చటి గుడ్డకి మూడున్నర నుంచి నాలుగింతలు. నడుము 21 అంగుళాలైతే మూడింతలకి 63 అంగుళాలు, అంటే మీటరు అరవై సెంటీమీటర్లు. నాలుగింతలకి 84 అంగుళాలు, రెండు మీటర్ల పైచిలుకు. కుట్లకీ, బెల్టుకీ కలిపి ఇంకో పావు మీటరు తీసుకోండి.

పొడవు: కొలిచిన లంగా పొడవు + లోపలి మడతలకి 4 అంగుళాలు + నడుము కుట్టుకి 1 అంగుళం. లంగా 24 అంగుళాలైతే 29 అంగుళాల పన్నా కావాలి. కింద నేతంచే ఉంటుంది కాబట్టి మడిచి కుట్టనక్కర్లేదు.

నాలుగు అంగుళాలే ఎందుకంటే, నాలుగు నుంచి పదేళ్ళ మధ్య పిల్లలు ఏడాదికి సుమారు 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరుగుతారు. అందులో సగానికి పైగా నడుము కిందే. లంగా లెక్కలో ఏడాదికి ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు. నాలుగు అంగుళాల మడత ఉంటే ఆ లంగా మూడు సంక్రాంతులు వస్తుంది.

4. చీర కోసి కుట్టించాలనుకుంటే

ముందు చీరని కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత గీత మీదే చిట్లుతుంది. వేళ్ళతో నెమ్మదిగా అటూ ఇటూ లాగితే పోగులు విడిపోతున్న చోటుని సుద్దతో గుర్తు పెట్టి వదిలేయండి. ఆ చోట ఎంత లైనింగు వేసినా నిలవదు.

చీర పన్నా సాధారణంగా 45 అంగుళాల పైనే ఉంటుంది. పైన చెప్పిన 24 అంగుళాల లంగాకి కింది అంచు నుంచి 29 అంగుళాలు కోస్తే, పై అంచుతో సహా 16 అంగుళాల పట్టీ మిగులుతుంది. జాకెట్టు అందులోనే వస్తుంది, ఆ అంచు చేతులకి వస్తుంది. ఏడాది, ఏడాదిన్నర పిల్లకయితే చీరని నడిమికి కోసి రెండు అంచులతో రెండు లంగాలు కుట్టించవచ్చు. అక్కాచెల్లెళ్ళకి, కజిన్లకి ఒకే చీరలో కుట్టించాలనుకునేవాళ్ళకి ఇది మంచి మార్గం.

కొంగుని లంగాలో కలపకండి. జరీ బరువంతా ఒక పక్కకి వచ్చి లంగా ఆ వైపుకి తిరిగిపోతుంది. దాన్ని జాకెట్టు వీపుకి వాడుకోండి, లేదా దాచి ఉంచండి. పిల్ల పెద్దదయ్యాక ఓణీకి అంచుగా పనికొస్తుంది.

కోసే ముందు ఆ చీర ఎవరిదో వాళ్ళని ఒక మాట అడగండి. కొన్ని చీరలు కోయడానికి మనసొప్పదు.

5. లైనింగు తడిపి ఆరబెట్టాకే టైలరుకి ఇవ్వండి

నూలు లైనింగుని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిండకుండా ఆరేసి, కొంచెం తడి ఉండగా ఇస్త్రీ చెయ్యండి. ఇది చెయ్యకపోతే చెమటకీ మొదటి ఉతుకుకీ లైనింగు కుంచించుకుపోయి పై పట్టుని లోపలికి లాగుతుంది. లంగా కింద ఉబ్బెత్తుగా, అలలు అలలుగా కనిపిస్తే కారణం ఇదే.

కుచ్చిళ్ళు లేచి నిలబడాలని కొందరు లోపల గట్టి నెట్టు వేయిస్తారు. వేయించాలనుకుంటే నెట్టు రెండు గుడ్డల మధ్యలో ఉండాలి, కాళ్ళకి తగలకూడదు. అయిదేళ్ళ లోపు పిల్లలకి అసలు వద్దు. కింద కూర్చుంటే గుచ్చుతుంది, పట్టీలు చిక్కుకుంటాయి.

6. టైలరుకి ఇలా చెప్పండి

నోటితో చెప్పి రావద్దు, కాగితం మీద రాసి గుడ్డకి పిన్ను పెట్టండి.

లోపలి మడతలు: అంచుకి కాస్త పైన, లోపలివైపుకి, ఒక్కోటి ఒక అంగుళం లోతున రెండు. ఒక అంగుళం లోతు మడత రెండు అంగుళాల పొడవు తీసుకుంటుంది. ఇవి కుచ్చిళ్ళు పెట్టకముందే వెయ్యాలి. లైనింగుకి విడిగా ఇలాగే వెయ్యాలి, రెండూ కలిపి కుడితే తర్వాత విప్పలేరు. కుట్టు పొడుగు పెట్టమనండి. పట్టుకి 11 నంబరు సన్న సూది వాడమనండి. లావు సూది పెట్టిన రంధ్రాలు కుట్టు విప్పాక అలాగే ఉండిపోతాయి.

నడుము: ఆరేళ్ళ లోపు పిల్లకి బొందు వద్దు. జారిపోతుందని బిగిస్తారు, సాయంత్రానికి పొట్ట మీద ఎర్రటి గీత. లంగాని చేతుల్లేని నూలు బాడీకి కలిపి కుట్టిస్తే బరువు భుజాల మీద పడుతుంది. భుజం దగ్గర అర అంగుళం మడత పెట్టిస్తే బాడీ కూడా పెరుగుతుంది. పెద్దపిల్లలకి ముందు సగం బెల్టు, వెనక సగం ఎలాస్టిక్ బాగుంటుంది. స్కూలు స్కర్టులకి ఉండేలా గుండీ మార్చుకునే ఎలాస్టిక్ అయితే ఇంకా మంచిది.

జాకెట్టు: రెండు పక్కలా లోపల ఒక్కో అంగుళం గుడ్డ వదలాలి. నాలుగేళ్ళ లోపు వాళ్ళకి వెనక ప్రెస్ బటన్లు. జిప్పు వద్దు, వీపు చర్మమో జుట్టో అందులో పడుతుంది. బుట్ట చేతులకి ఎలాస్టిక్ చేతి చుట్టుకొలత కంటే ఒక అంగుళం ఎక్కువ ఉండాలి. చంక దగ్గర జరీ అంచు రాకూడదు, మెడ లోపల పైపింగు నూలుదే ఉండాలి. ఏడ్చే పిల్లల్లో చాలామందికి కారణం ఈ రెండు చోట్లే. భోగిపళ్ళు పోసే చిన్నపిల్లలకి వీపు మెడ లోతు తక్కువ పెట్టించండి. రేగుపళ్ళు, చెరకు ముక్కలు, నాణేలు వీపులోకి జారిపోయి పిల్ల బెదిరిపోతుంది.

7. బాబుకి పంచె, లాల్చీ

ఇక్కడ పని తేలిక. పెద్దవాళ్ళలా కట్టే పంచె ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకి పంచెకట్టు వేడుక రోజున సరే. మిగతా పండగలకి ఎలాస్టిక్ నడుముతో, కుచ్చిళ్ళు కుట్టేసిన నూలు పంచె తీసుకోండి. వెల్క్రో ఉన్నదైతే దాని గరుకు వైపు ఒంటికి తగలకుండా ఉందో లేదో చూడండి. పొడవు కొలత లంగాకి చెప్పినట్టే. లోపల పల్చటి చెడ్డీ తప్పనిసరి, తెల్ల పంచె వెలుతురులో పారదర్శకంగా కనిపిస్తుంది.

లాల్చీలో ఎక్కువగా వచ్చే తప్పు మెడ. మూడు నుంచి అయిదేళ్ళ పిల్లల తల చుట్టుకొలత 19–20 అంగుళాలు ఉంటుంది. గుండీలు విప్పాక మెడ తెరుపు దానికంటే కనీసం ఒక అంగుళం ఎక్కువ ఉండాలి. లేకపోతే తల దూర్చేటప్పుడు చెవులు నలుగుతాయి, ఇక ఆ లాల్చీ చూస్తేనే పారిపోతాడు.

కండువాని పిన్నీసుతో గుచ్చవద్దు. భుజం మీద లాల్చీకి ఒక ప్రెస్ బటను, కండువాకి దాని జత కుట్టండి. లాగితే ఊడిపోతుంది, ఆటల్లో మెడకి చుట్టుకోదు.

8. పండగకి నాలుగు రోజుల ముందు వేసి చూడండి

అద్దం ముందు నిలబెట్టి బాగుంది అనుకుని తీసేస్తే అది చూసినట్టు కాదు. అరగంట వేసి ఉంచండి. ఈ అరగంటలో:

- బాసింపట్టు వేసుకుని కూర్చుని, చేతులు ఆనించకుండా లేవగలగాలి.
- రెండు చేతులూ పైకెత్తితే జాకెట్టు చంకలో పట్టకూడదు, పొట్ట పైకి లేవకూడదు.
- మెట్లు ఎక్కి దిగాలి. ఒక్కసారి అంచు కాలి కింద పడినా పొడవు తగ్గించాలి.
- బాత్రూముకి వెళ్ళి తనంతట తాను లేదా ఒక్క చేతి సాయంతో పని ముగించుకోగలగాలి. దీన్ని ఎవరూ చూడరు, పండగ రోజు గుళ్ళో తెలుస్తుంది.
- విప్పాక నడుము, చంక, మెడ చూడండి. ఎర్రబారితే ఆ చోట మెత్తటి నూలు పట్టీ కుట్టించండి.

వడ్డాణం, గాజులు, పట్టీలు పెట్టే ఆలోచన ఉంటే ఈ రోజే వాటితో కూడా చూడండి. లోహపు వడ్డాణం కూర్చున్నప్పుడు పొట్టలో గుచ్చుకుంటే గుడ్డ వడ్డాణం మంచిది.

తరచూ జరిగే తప్పులు, సర్దుకునే మార్గం

లంగా ముందు పొట్టి, వెనక పొడుగు అవుతోందా? చిన్నపిల్లల పొట్ట ముందుకి ఉంటుంది. నడుము కుట్టు విప్పి, వెనకవైపు అర అంగుళం పైకి తీయించండి. కింద అంచుని ముట్టుకోవద్దు.

కుట్ల దగ్గర పట్టు పోగులు జరిగి సందులు కనిపిస్తుంటే బిగుతెక్కువైందని అర్థం. వెంటనే పక్క కుట్టు వదులు చేసి, లోపల సన్న నూలు పట్టీ వేసి కుట్టించాలి. ఆలస్యమైతే చిరుగుతుంది.

వచ్చే ఏడాదికని రెండు సైజులు పెద్దది కొనడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. పొడవుని మడతతో సర్దగలం కానీ పెద్ద భుజాన్ని సర్దలేం. ఈ ఏడు జారుతూ ఉంటుంది, వచ్చే ఏడాదికి మోజు పోతుంది. భుజం ఇప్పటికి సరిపోయేలా, పొడవూ పక్కలూ పెరిగేలా తీసుకోండి.

9. పండగ అయ్యాక

విప్పగానే మడిచి బీరువాలో పెట్టవద్దు. ఒక పూట నీడలో, గాలికి ఆరేయండి. పసుపు, కుంకుమ పడితే నీళ్ళు పోసి రుద్దకండి, పొడిగా ఉండగానే దులపండి. పట్టు, జరీ అయితే డ్రైక్లీనింగుకి ఇచ్చి మరక ఎక్కడుందో, దేనిదో చెప్పండి. నూలు గద్వాల, మంగళగిరి అయితే మొదటిసారి విడిగా చల్లటి నీళ్ళలో ఉతకండి.

పాత నూలు గుడ్డలో చుట్టి పెట్టండి, ప్లాస్టిక్ కవరులో వద్దు. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలకూడదు. నెలల పిల్లల బట్టల్లో ఆ ఉండలు అసలే పెట్టకండి. జి6పిడి లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం) ఉన్న పసిపిల్లలకి నాఫ్తలీన్ తగిలితే ఎర్ర రక్తకణాలు విరిగిపోయి ప్రమాదం అవుతుంది, ఆ లోపం ఉందని ముందుగా తెలియకపోవచ్చు కూడా. ఎండు వేపాకో వస కొమ్మో గుడ్డలో మూటకట్టి పెడితే చాలు. మూడు నెలలకోసారి తీసి మడత మార్చండి.

వచ్చే పండగకి నెల ముందు పాపని మళ్ళీ కొలిచి, ఒక్క మడత మాత్రమే విప్పండి. పాత కుట్టు గీత కనిపిస్తుంది. లోపలివైపు నుంచి, పైన పల్చటి నూలు గుడ్డ వేసి, తక్కువ వేడితో ఇస్త్రీ చేస్తే కొంత తగ్గుతుంది. అయినా పోకపోతే ఆ గీత మీదే సన్న జరీ లేసు ఒక వరుస కుట్టించండి. రెండో మడత విప్పే ఏడాదికి దాని పైన ఇంకో వరుస వస్తుంది.